ఉరుము మీద పెట్టిన నెపం

పొద్దున్న ఏడింటికి పక్కింటి పెరట్లో ఇనప కుళాయి కట్టబోతే కళ్ళజోడక్క చెయ్యి జివ్వుమంది. చటుక్కున వెనక్కి లాక్కుంది. నిద్రలో చెయ్యి ఒత్తుకుపోయి తిమ్మిరెక్కిందేమో అనుకుని, తమ్ముడు ఎప్పుడో నేర్పినట్టు ఈసారి వేళ్ళ వెనక వైపుతో తాకి చూసింది. మళ్ళీ జివ్వుమంది. ఈసారి మోచేతి దాకా పాకింది.

ఆమెను కళ్ళజోడక్క అని వీధంతా పిలుస్తుంది. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. వెంట్రుకంత గీత పడ్డా పట్టేస్తుందని పేరు. అంత చూపున్న మనిషి, నెల క్రితం తన ఇంట్లో కుళాయి ఇలాగే జివ్వుమంటే చలికాలం కదా అని దులిపేసుకుంది. ఏం చెప్పమంటారు! నాలుగు రోజుల క్రితం గాలివానలో పెద్ద ఉరుము ఉరిమింది, అదే ఘడియలో ఆమె బోరు మోటారు మాడిపోయింది. అప్పట్నుంచీ నీళ్ళకి పక్కింటి పిన్ని పెరడే దిక్కు.

గోడకున్న స్విచ్ నొక్కి పిన్ని మోటారు ఆపేసింది కళ్ళజోడక్క. గుయ్‌మనే మోత ఆగాక కుళాయిని ఇంకోసారి తాకింది. ఏమీ లేదు. అంటే మోటారు తిరుగుతున్నంత సేపే కరెంటు నీళ్ళగొట్టంలోకి దిగుతోంది.

"అప్పుడే ఆపేశావేం అమ్మాయ్? ఇంకో రెండు బకెట్లు పట్టుకో. ఇవాళ మీ ఇంటికి ఇన్సూరెన్సాయన వస్తున్నాడుగా, ఇల్లు కడుక్కోవద్దూ?" పిన్ని తడి చేతులు చీర చెంగుకి తుడుచుకుంటూ వచ్చింది. చెప్పులు లేవు. ఆవిడకి డెబ్భై ఏళ్ళు, ఒక్కర్తే ఉంటుంది, పెరట్లో చెప్పులేసుకోవడం ఆవిడ ఒంటికి పడదు.

చెప్పెయ్యాలి. నోటి దాకా వచ్చింది మాట. కానీ పిన్ని నోట్లో నువ్వుగింజ నానదు. ఇవాళ ఏడింటికి చెబితే ఏడున్నరకల్లా వీధి చివరికి చేరుతుంది, పదింటికి వచ్చే ఇన్సూరెన్సు సర్వేయరుకి గుమ్మంలోనే ఎదురవుతుంది.

"చాలు పిన్నీ. మధ్యాహ్నం దాకా మోటారు వెయ్యకండి. వోల్టేజీ బాగా లేదు, మీదీ మాడిపోతుంది."

"అలాగేలే, నాకేం పనుంది నీళ్ళతో" అంది పిన్ని.

ఇంతకీ కళ్ళజోడక్క దాస్తున్నదేమిటంటారా? అది కాస్త వెనక్కి వెళ్ళి చెప్పాలి. వాళ్ళ తమ్ముడు మోటార్లు బాగుచేస్తాడు. బోర్లలోంచి మోటారు పైకి లాగడం, తీగ మార్చడం, మళ్ళీ దింపడం వాడికి వెన్నతో పెట్టిన విద్య. ఈ వీధిలో సగం బోర్లు వాడి చేతివే. కరెంటు ఎక్కడన్నా కారితే టక్కున పడిపోయి ప్రాణం కాపాడే చిన్న స్విచ్ ఒకటుంటుంది ప్రతి ఇంటి డబ్బాలోనూ. ట్రిప్ స్విచ్ అంటారు. మూడు నెలల క్రితం కళ్ళజోడక్క ఇంట్లో అది ఊరికే పడిపోవడం మొదలెట్టింది. తలకి సబ్బు పట్టించగానే పడేది. ఒళ్ళు మండి ఓ రోజు తమ్ముడితో అంది, "ఒరే, ఆ దిక్కుమాలిన స్విచ్ పీకి అవతల పారెయ్ రా, స్నానం కూడా చెయ్యనివ్వట్లేదు." అక్క చెప్పింది కదా అని వాడు మోటారు తీగని స్విచ్‌లోంచి తప్పించి నేరుగా కలిపేశాడు. ఆ తర్వాత హాయిగా నీళ్ళొచ్చాయి. ఆ హాయి చూసి పిన్ని ముచ్చటపడితే, "మా తమ్ముడున్నాడుగా పిన్నీ, చిటికెలో చేసేస్తాడు" అని ఈవిడే దగ్గరుండి ఆవిడ ఇంట్లోనూ అదే చేయించింది.

స్విచ్ పాడైందనుకున్నారు అక్కాతమ్ముళ్ళు. స్విచ్ నిక్షేపంలా ఉంది. బోరులో తీగ గొట్టానికి ఒరుసుకుని తోలు ఊడిపోయింది. మొన్న మోటారు పైకి లాగినప్పుడు మూర పొడుగున రాగి బయటపడి కనబడింది.

ఇంటి ఇన్సూరెన్సు కాగితంలో మోటారుకీ చోటుంది. పిడుగు వల్ల పోతే, వోల్టేజీ ఎగదన్ని పోతే కొత్తది ఇస్తారు. అరిగిపోతే ఇవ్వరు. రక్షణ పరికరాలు తీసేసినట్టు తెలిస్తే అసలే ఇవ్వరు. అందుకని నిన్న సాయంత్రం తమ్ముడు అరిగిన తీగ ముక్క కోసి సంచీలో పడేసి, మోటారు తీగని మళ్ళీ ట్రిప్ స్విచ్‌కి బిగించాడు. ఉరుము ఎలాగూ ఉరిమింది కదా, నెపం దాని మీద పెట్టేశారు. ఉరుము వచ్చి కాదంటుందా!

తమ్ముడు ఎనిమిదింటికి వచ్చాడు. కళ్ళజోడక్క వాణ్ణి వంటింట్లోకి లాక్కెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"పిన్ని కుళాయిలో కరెంటు కొడుతోందిరా. ఇప్పుడే వెళ్ళి సరిచెయ్."

వాడి మొహం పాలిపోయింది. అయినా తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడు ఆ డబ్బా తెరిస్తే పిన్ని ఊరుకుంటుందా అక్కా? ఏంటి, ఎందుకు, ఏమైంది అని నా వెనకే తిరుగుతుంది. ఆ సర్వేయరు ముందే అడిగేస్తుంది. క్లెయిము సంగతి అలా ఉంచు, నా లైసెన్సు పీకేస్తారు. నాకింక ఈ వీధిలో పనెవరిస్తారు?"

"ఆవిడకేమైనా అయితే?"

"మోటారు ఆపేసే ఉందిగా. ఆయన పదింటికొచ్చి పదిన్నరకి పోతాడు. పదకొండుకల్లా నేనే వెళ్ళి బిగించేస్తా. మూడు గంటలక్కా, అంతే. జివ్వుమన్నంత మాత్రాన మనుషులు పోతారా?"

అన్నాడే గానీ వాడు ఆమె కళ్ళలోకి చూడలేదు. కళ్ళజోడక్కకి ఆ సంగతి తెలుస్తూనే ఉంది. తెలిసీ ఊరుకుంది. తమ్ముడి బతుకు ఒకవైపు, పిన్ని ప్రాణం ఒకవైపు, మధ్యలో మూడే మూడు గంటలు కదా అని మనసుకి సర్దిచెప్పుకుంది.

పదయింది. సర్వేయరు రాలేదు. పదింబావు. కళ్ళజోడక్క గోడ దగ్గరకి వెళ్ళి చెవి ఆనించి వింది. పిన్ని ఫోన్లో ఎవరితోనో వియ్యపురాలి గురించి చెబుతోంది. మోటారు మోత లేదు. లోపలికొచ్చింది, మళ్ళీ వెళ్ళి వింది. కాలుగాలిన పిల్లిలా అలా ఎన్నిసార్లు తిరిగిందో ఆమెకే తెలియదు. పదిన్నర దాటాక గేటు చప్పుడైంది.

సర్వేయరు సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. గుమ్మం బయటే బూట్లు విప్పి, సంచీలోంచి అట్టా, కాగితాలూ తీసి, గుమ్మం పక్కన కూర్చున్న కళ్ళజోడక్క అత్తగారికి నమస్కారం పెట్టాడు. అదే కొంప ముంచింది. పలకరించినవాళ్ళని అత్తగారు వదలదు.

"మోటారు ఎలా పోయిందమ్మా?" అడిగాడాయన, మర్యాదకి.

"ఏమో నాయనా, ఉరుము ఉరిమిందని వీళ్ళంటున్నారు. నాకైతే వినబళ్ళేదు."

కళ్ళజోడక్కకి పై ప్రాణాలు పైనే పోయాయి. గుమ్మడికాయల దొంగలా తమ్ముడు భుజాలు తడుముకున్నంత పని చేశాడు.

"అత్తయ్యకి చెవులు సరిగ్గా వినిపించవు సార్" అంది ఆమె.

"నాకు శుభ్రంగా వినిపిస్తాయి" అంది అత్తగారు. "నువ్వు రాత్రిళ్ళు గొణుక్కునేది కూడా వినిపిస్తుంది."

సర్వేయరు నవ్వేసి పెరట్లోకి నడిచాడు. గోనెపట్టా మీద పడుకోబెట్టిన మోటారుకి నాలుగు వైపులా ఫోటోలు తీశాడు. దాని మీదికి వంగి మాడు వాసన చూశాడు. తీగ కొస పట్టుకుని ఎండలో తిప్పాడు.

"ఇది కొత్తగా కోసినట్టుందే?"

"మోటారు పైకి తీయడానికి కోశాం సార్" అన్నాడు తమ్ముడు. వాడి చెంప మీంచి చెమట కారుతోంది.

ఆయన డబ్బా మూత తీశాడు. ట్రిప్ స్విచ్ మీదున్న చిన్న బొత్తాం నొక్కాడు. టక్‌మని పడింది. మళ్ళీ ఎత్తి పెట్టాడు.

"బాగా పనిచేస్తోంది. మోటారు పోతే పోయిందనుకోండి అమ్మా, ఇది ఉండబట్టి మీ ఇంటిల్లిపాదీ క్షేమంగా ఉన్నారు. కిందటి నెల ఇలాగే మోటారు క్లెయిము చూడ్డానికి ఒకరింటికి వెళ్ళాను. దరఖాస్తు పెట్టినాయన ముందురోజే కుళాయి దగ్గర పోయాడు. ఇంట్లో ఒక్కరూ మోటారు సంగతి మాట్లాడలేదు. ఆ డబ్బా తీసి చూస్తే ఈ స్విచ్ తప్పించి తీగ నేరుగా కలిపేసుంది. పడిపోతూ విసిగిస్తోందట. దాని పనే అది కదమ్మా!"

కళ్ళజోడక్క తమ్ముడి వంక చూసింది. వాడు నేల చూస్తున్నాడు.

సర్వేయరు అట్ట మీద కాగితం పరిచి టకటకా నింపాడు. కారణం అన్నచోట, ఉరుముల గాలివాన, వోల్టేజీ ఎగదన్నుట అని రాశాడు. చివర్న ఒక వాక్యం మీద వేలు పెట్టి చదివి వినిపించాడు. "ప్రమాద సమయంలో రక్షణ పరికరాలన్నీ పనిచేస్తున్న స్థితిలో ఉన్నవని ధ్రువీకరిస్తున్నాను. ఇక్కడ సంతకం పెట్టండి."

ఆమె పెన్ను అందుకుంది. ఇంకొక్క నిమిషం. ఈయన గేటు దాటితే చాలు, తమ్ముణ్ణి మెడ పట్టి పక్కింట్లోకి తోస్తుంది.

అప్పుడు గోడ అవతల గుయ్‌మని మోటారు మొదలైంది.

"అమ్మాయ్!" పిన్ని గొంతు, ఎప్పట్లాగే వీధంతా వినబడేట్టు. "ఆయన వచ్చాట్టగా! ఆ మసి మోటారు ముట్టుకున్నాక చేతులు కడుక్కోవడానికి మంచి నీళ్ళుండొద్దూ? ఓ బకెట్ పట్టి ఇస్తా ఉండు. వోల్టేజీ బానే ఉందిలే!"

తమ్ముడు చటుక్కున తలెత్తాడు. కళ్ళజోడక్క చేతిలో పెన్ను కాగితం మీద ఆని ఉంది. పరిగెత్తాలి. అరవాలి. కానీ ఆ క్షణంలో ఆమెకొచ్చిన ఆలోచన ఏమిటో దాచకుండా చెప్పాలంటే, ముందు సంతకం పెట్టేసి తర్వాత పరిగెత్తుదామని. పెట్టడం మొదలెట్టింది కూడా. రెండక్షరాలు పడ్డాయి.

"ఒకటే బకెట్ చాలా, లేకపోతే రెం..."

పిన్ని మాట సగంలో తెగిపోయింది. మోటారు మాత్రం తిరుగుతూనే ఉంది. బకెట్ పక్కకి ఒరిగి గచ్చు మీద నీళ్ళు పారిన చప్పుడు.

పెన్ను ఎక్కడ పారేసిందో తెలియదు. పక్క గేటులోంచి కళ్ళజోడక్క ఎలా పడి ఎలా లేచిందో తెలియదు. పిన్ని కుళాయి పట్టుకుని నిలబడి ఉంది. నిలబడి అని అనడానికి లేదు, కుళాయే ఆవిణ్ణి పట్టుకుని ఉంది. పిడికిలి బిగుసుకుపోయింది, పళ్ళు కరుచుకుపోయాయి, కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆ కళ్ళు తిన్నగా కళ్ళజోడక్కనే చూస్తున్నాయి.

"పిన్నీ!" అని ఆవిడ నడుం పట్టుకుని లాగబోయింది.

"ముట్టుకోకు! అక్కా, ముట్టుకోకు!" తమ్ముడి కేక. వాడు ఆమెను దాటుకుని వరండాలోకి దూకి మెయిన్ దించేశాడు. మోటారు మోత ఆగింది. పిన్ని పిడికిలి వదిలి, బట్టల మూటలా నీళ్ళలో కూలబడింది.

వట్టికాళ్ళతో వచ్చిన సర్వేయరు గచ్చు మీద మోకాళ్ళూని పిన్ని ముక్కు దగ్గర చెవి పెట్టాడు. ఛాతీ మీద అరచేతులు పెట్టి నొక్కడం మొదలెట్టాడు. ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెడుతున్నాడు. తమ్ముడు ఫోన్లో అంబులెన్సుకి దారి చెబుతూ, చెబుతూ ఏడ్చేశాడు. ఇరవై దాటింది లెక్క. ముప్పై దాటింది. చచ్చిపోయింది, పిన్ని చచ్చిపోయింది, నేను చంపేశాను. కళ్ళజోడక్క బుర్రలో ఈ మూడు ముక్కలే గిరగిరా తిరిగాయి.

అప్పుడు పిన్ని దగ్గింది. ఇంకోసారి దగ్గి, ఊపిరి లోపలికి లాక్కుంది.

సర్వేయరు ఆవిణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టాడు. తర్వాత లేచి వరండాలో డబ్బా మూత తీసి చూశాడు.

"ఈ పని ఎవరు చేశారు?"

"మా తమ్ముడు చేశాడు సార్. నేను చెప్తేనే చేశాడు" అంది కళ్ళజోడక్క. "మా ఇంట్లోనూ ఇంతే. మూడు నెలల నుంచీ తప్పించే ఉంది. మీరొస్తున్నారని నిన్న సాయంత్రం మళ్ళీ బిగించాం. తీగ అరిగిపోయింది సార్. ఉరుము ఎలా ఉన్నా అది ఇవాళో రేపో మాడేదే. ఆ ముక్క సంచీలో ఉంది."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది ఆమెకి. "ఇదంతా నేను రాయాలి" అన్నాడు. "మీ మోటారు సంగతి ఇక మర్చిపోండి. ఆ అబ్బాయి సంగతి వేరే వాళ్ళు చూస్తారు."

"రాయండి సార్."

ఆమె పిన్ని పక్కన నీళ్ళలోనే కూలబడి, కాలిన అరచెయ్యి తగలకుండా మణికట్టు పట్టుకుంది. ఆవిడ పెదాలు ఇంకా నీలంగానే ఉన్నాయి. నెమ్మదిగా అడిగింది.

"పొద్దున... నువ్వు ఆపేశావే. అప్పుడే తెలుసా నీకు?"

అబద్ధం నాలిక చివరే ఉంది. వోల్టేజీ అని మళ్ళీ అనొచ్చు.

"తెలుసు పిన్నీ."

పిన్ని చెయ్యి వెనక్కి తీసుకుంది. కళ్ళు మూసుకుంది. అలాగే అడిగింది, "ఇంకెన్నిళ్ళల్లో చేశాడు?"

"ఐదిళ్ళు" అన్నాడు తమ్ముడు. "అన్ని బోర్లలోనూ ఈ చుట్టలోని తీగే దింపా."

"నేనే చెప్పా అందరికీ. వాడి చెయ్యి మంచిదని." పిన్ని ఊపిరి కూడదీసుకుంది. "మలుపులో ఇల్లు... అక్కడ పసిపిల్లకి పదకొండున్నరకి నీళ్ళు పోస్తారు. పెరట్లో కుళాయి దగ్గరే. ఇక్కడేం చూస్తారు నన్ను? పొండి!"

వరండాలో గడియారం పదకొండు ఇరవై ఐదు చూపిస్తోంది. సర్వేయరు పిన్ని తల ఒళ్ళో పెట్టుకుని వెళ్ళమని చెయ్యి ఊపాడు. తమ్ముడు ఎడమ వైపు నాలుగిళ్ళకి పరిగెత్తాడు. కళ్ళజోడక్క మలుపు వైపు పరిగెత్తింది. చెప్పుల్లేవు, చీర కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకి అడ్డం పడుతున్నాయి. పొద్దుట్నుంచీ గొంతులో తొక్కిపెట్టిన మాటని వీధి పొడుగునా అరుచుకుంటూ పోయింది. "మోటార్లు ఆపండి! కుళాయిలు ముట్టుకోకండి! కరెంటు కొడుతోంది!" కిటికీలు తెరుచుకున్నాయి. ఎవరో పేరు పెట్టి ఏమైందని అడిగారు. ఆగలేదు.

మలుపింటి గేటు తీసి ఉంది. పెరట్లో మోటారు మోగుతోంది. కుళాయి కింద నీలం రంగు తొట్టి. పిల్లని చంకనేసుకుని, రెండో చెయ్యి కుళాయి మీదికి చాస్తున్న ఆ తల్లి, కేక విని అలాగే ఆగిపోయింది. కుళాయికీ వేళ్ళకీ మధ్య జానెడు ఉంది.

"వెనక్కి రా! వెనక్కి రా తల్లీ, ముట్టుకోకు!"

తల్లి బెదిరి రెండడుగులు వెనక్కి వేసింది. కళ్ళజోడక్క గోడ దగ్గరకి దూకి స్విచ్ ఆపి, గోడకి చేరగిలబడిపోయింది. ఎగశ్వాస, ఏడుపు కలిసిపోతుంటే అంతా చెప్పింది. స్విచ్ తప్పించిన సంగతి, పిన్ని పడిపోయిన సంగతి. ఒక్కటీ మిగల్చలేదు.

తల్లి పిల్లని రెండు చేతులా గుండెకి అదుముకుంది. పిల్లకి ఏమీ తెలియక, తొట్టిలో నీళ్ళ కోసం కాళ్ళు కొట్టుకుంటోంది.

"మరి నీకెప్పుడు తెలిసిందక్కా?"

"పొద్దున ఏడింటికి."

ఆ తల్లి వంటింటి కిటికీలోంచి కనబడే గడియారం వంక చూసింది. తర్వాత తొట్టి వంక చూసింది. పిల్లని తీసుకుని లోపలికి వెళ్ళి, తలుపేసి గడియ పెట్టుకుంది.